బ్యాంకు కోసుకున్న ఏడు వేల కోసం కన్స్యూమర్ కోర్టుకెళ్లాను

2023 ఆగస్టు 22న ఇన్‌కమ్ ట్యాక్స్ రీఫండ్ 9,640 రూపాయలు పడ్డాయని మెసేజ్ వచ్చింది. మర్నాడు యాప్ తెరిచి చూస్తే ఖాతాలో 4,840 ఉన్నాయి. నేను పైసా తీయలేదు. మిగతా 4,800 పక్కన 'రికవరీ ఆఫ్ చార్జెస్' అని ఒక్క ముక్క రాసి ఉంది. ఆ ముక్క వెనకాల ఏముందో తెలుసుకుని, డబ్బు వెనక్కి రాబట్టుకునేసరికి 2025 మార్చి వచ్చింది. మధ్యలో ఏం జరిగిందో, ఎంత ఖర్చయిందో వరసగా రాస్తున్నాను. ఇలాంటి కోత పడినవాళ్లు మన చుట్టూ చాలామందే ఉన్నారు. 'చిన్న మొత్తమే కదా' అని వదిలేస్తారు అంతే.

ముందు ఆ ఖాతా సంగతి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు కంపెనీ హెచ్ఆర్ వాళ్లే గచ్చిబౌలి బ్రాంచిలో తెరిపించిన శాలరీ అకౌంట్ అది. ఒక ప్రైవేటు బ్యాంకు. 2022 జూన్‌లో ఉద్యోగం మానేసి గోదావరి జిల్లాలోని మా ఊరొచ్చేశాను. ఇంటి నుంచే ఎడిటింగ్ పనులు చేసుకుంటున్నాను. మూడు నెలలు జీతం పడకపోయేసరికి బ్యాంకు దాన్ని మామూలు సేవింగ్స్ ఖాతాగా మార్చేసింది. అంటే నెలకు సగటున పది వేలు ఉంచాలి. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేసి, నాన్న, నేను డైనింగ్ టేబుల్ మీద పరుచుకుని కూర్చున్నాం. నాన్న పోస్టాఫీసులో రిటైరయ్యారు. అంకెలంటే ఆయనకి మంచి ఓపిక. పెన్సిల్‌తో ఒక్కో లైనూ టిక్కు పెట్టుకుంటూ వెళ్తే కథంతా బయటపడింది.

2022 అక్టోబరు చివర ఖాతాలో 4,870 ఉన్నాయి. నవంబరు 1న మినిమమ్ బ్యాలెన్స్ లేదని 500, దాని మీద 18 శాతం జీఎస్టీ 90, మొత్తం 590 కోత. 7వ తేదీన నా సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌కి కట్టేది) 2,000 వెళ్లింది. డిసెంబరు 1న మళ్లీ 590 కోత, మిగిలింది 1,690. డిసెంబరు 7న సిప్ కోసం 2,000 అడిగితే 310 తక్కువై బౌన్స్ అయింది. బౌన్స్ అయినందుకు ఇంకో 590! ఆ రెండు కోతలూ లేకపోతే అక్కడ 2,870 ఉండేవి, సిప్ హాయిగా వెళ్లిపోయేది. వాళ్లే డబ్బు తీసి, డబ్బు లేదని వాళ్లే జరిమానా వేశారన్నమాట. నాన్న ఆ లైను కింద రెండు గీతలు గీశారు.

జనవరిలో ఖాతా సున్నాకొచ్చింది. కోతలు మాత్రం ఆగలేదు. తీసుకోవడానికి డబ్బు లేదు కాబట్టి 'లీన్' పేరుతో బాకీ రాసి పెట్టుకున్నారు. సిప్ వరసగా మూడుసార్లు బౌన్స్ అయ్యేసరికి ఫండ్ వాళ్లు దాన్ని ఆపేశారు కానీ, నెలనెలా 590 మాత్రం పేరుకుంటూనే ఉంది. రీఫండ్ పడగానే ఆ బాకీ మొత్తం 4,800 ఒక్కసారిగా లాగేసుకున్నారు. అంతకుముందే ఖాతాలోంచి తీసుకున్నవి కూడా కలిపితే: మినిమమ్ బ్యాలెన్స్ కోతలు పది, 5,900. బౌన్స్ కోతలు మూడు, 1,770. మొత్తం 7,670.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే 'సిస్టమ్ జనరేటెడ్ మేడమ్' అన్నారు. బ్రాంచికి చేస్తే ఒకాయన కాస్త మర్యాదగానే మాట్లాడి, 'గుడ్‌విల్ కింద రెండు నెలలవి రివర్స్ చేయిస్తాను, ఇక్కడితో వదిలేయండి' అన్నాడు. మెయిల్‌లో రాసి పంపమన్నాను. రాలేదు. నాకు అసలు కోపం అప్పుడే వచ్చింది. తప్పు కాకపోతే రెండు నెలలవి మాత్రం ఎందుకిస్తానన్నట్టు?

ఆ రాత్రే రిజర్వ్ బ్యాంకు సైట్‌లో వెతికితే 2014 నవంబరు 20 నాటి సర్క్యులర్ దొరికింది. 2015 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. రెండు పేజీలు కూడా లేదు, కానీ నా కేసంతా దాని మీదే నడిచింది. మినిమమ్ బ్యాలెన్స్ తగ్గితే బ్యాంకు ముందు ఎస్ఎంఎస్, మెయిల్ లేదా ఉత్తరం ద్వారా ఖాతాదారుకి చెప్పాలి. నోటీసిచ్చిన నెల రోజుల్లోగా సరిచేసుకోకపోతేనే జరిమానా వేయాలి. ఆ జరిమానా ఎంత తగ్గిందో దాన్నిబట్టి ఉండాలి. కేవలం ఈ జరిమానాల వల్లే ఖాతా మైనస్‌లోకి పోకూడదు. నాకు ఒక్క ఎస్ఎంఎస్ కూడా రాలేదు. అదే ఫోన్‌కి ఓటీపీలు మాత్రం చక్కగా వస్తున్నాయి!

ఆగస్టు 28న బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టాను. సెప్టెంబరు మూడో వారంలో జవాబొచ్చింది. చార్జీలన్నీ 'షెడ్యూల్ ఆఫ్ చార్జెస్' ప్రకారమేనని, నోటీసులు రిజిస్టర్డ్ మెయిల్‌కి పంపామని రాశారు. ఏ తేదీన, ఏ మెయిల్‌కి అని అడిగితే ఇక జవాబు లేదు.

ఇక్కడి నుంచి రెండు దారులుంటాయి. ఒకటి బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్. బ్యాంకుకి రాసి ముప్ఫై రోజులు చూశాక, జవాబు రాకపోయినా, నచ్చకపోయినా ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టుకోవచ్చు. పైసా ఖర్చుండదు. చాలామందికి అదే నయం. కాకపోతే అక్కడ విచారణ క్లుప్తంగా ఉంటుంది, సాక్ష్యాలు లోతుగా తవ్వాల్సిన గొడవలకి అది చోటు కాదు. నా గొడవంతా 'నోటీసు పంపాం' అన్న మాట మీదే. ఆ మాట వాళ్లు ప్రమాణపత్రం మీద చెప్పాలి, చూపించాలి అని నాకు పట్టుదల. కోర్టులో కేసు నడుస్తుంటే అదే విషయం అంబుడ్స్‌మన్ తీసుకోరు, కాబట్టి ముందే తేల్చుకోవాలి. నేను రెండో దారి, జిల్లా వినియోగదారుల కమిషన్ ఎంచుకున్నాను. మనందరం ఇంకా కన్స్యూమర్ కోర్టు అనే అంటాం.

నాన్న స్నేహితుడైన లాయరు గారిని కలిశాం. కాగితాలన్నీ చూసి, 'కేసు బాగానే ఉందమ్మా, కానీ ఏడు వేలకి కోర్టేమిటి? నా ఫీజే పది వేలవుతుంది' అని నవ్వారు. నవ్వినా మేలే చేశారు. లాయరు లేకుండా స్వయంగా వాదించుకోవచ్చనీ, అయిదు లక్షల లోపు వ్యవహారానికి కమిషన్‌లో ఫీజే లేదనీ చెప్పారు. నాకు తెలియని ఇంకో సంగతి కూడా ఆయనే చెప్పారు. 2019 చట్టం వచ్చాక మనం ఉన్న ఊళ్లోనే కేసు వేసుకోవచ్చట. బ్రాంచి గచ్చిబౌలిలో ఉంది కాబట్టి హైదరాబాద్ తిరగాలేమోనన్న నా టెన్షన్ అక్కడితో తీరిపోయింది. గొడవ మొదలైన రెండేళ్లలోపు వేయాలి, అది దాటితే ఆలస్యానికి కారణం చూపించుకోవాలి.

అక్టోబరులో నేనే ఒక నోటీసు టైప్ చేసి బ్రాంచి మేనేజర్‌కి ఒకటి, బ్యాంకు రిజిస్టర్డ్ ఆఫీసుకి ఒకటి పంపాను. చట్టప్రకారం ఇది తప్పనిసరి కాదు, కానీ తర్వాత పనికొచ్చింది. కొరియర్ వద్దు, రిజిస్టర్ పోస్ట్ విత్ ఏడీ చెయ్యమని నాన్న పట్టుబట్టారు. సంతకాలు పడి తిరిగొచ్చిన ఆ రెండు కార్డులనీ ఆయనే ఫైల్లో గుచ్చారు.

ఫిర్యాదు తయారు చేయడం అనుకున్నంత కష్టం కాలేదు. ఎవరి మీద వేస్తున్నాం, ఏం జరిగింది, ఏ తేదీన, సేవాలోపం ఏమిటి, ఏం కావాలి, ఇంతే. నేను అడిగినవి మూడు: 7,670 వడ్డీతో సహా, మానసిక క్షోభకి పరిహారం, ఖర్చులు. డెబిట్ కార్డు ఏడాది ఫీజు కూడా స్టేట్‌మెంట్‌లో ఉంది, అది న్యాయమైనదే కాబట్టి ముట్టుకోలేదు. స్టేట్‌మెంటు, మెయిళ్లు కంప్యూటర్ నుంచి తీసినవి కాబట్టి వాటికి అప్పటి ఎవిడెన్స్ చట్టం కింద 65బి సర్టిఫికెట్ (ఈ ప్రింట్లు అసలు రికార్డు నుంచి తీసినవేనన్న ధ్రువీకరణ) జత చేయమని లాయరు గారు చెప్పారు. నమూనా ఇచ్చారు, నేనే సంతకం చేశాను.

2024 జనవరి 8న, వినియోగదారుల కేసులు ఆన్‌లైన్‌లో వేసే ఈ-దాఖిల్ పోర్టల్‌లో అప్‌లోడ్ చేశాను. (2025 జనవరి 1 నుంచి దాని స్థానంలో ఈ-జాగృతి వచ్చింది, ఇప్పుడు వేసేవాళ్లు అందులో వేయాలి.) వారంలో తిరిగొచ్చింది. పేజీ నంబర్లు లేవు, అఫిడవిట్ నోటరీ చేయించలేదు, ఇండెక్స్‌లో తేదీలు లేవు. సరిచేసి మళ్లీ పెట్టాక 'హార్డ్ కాపీలు తెచ్చివ్వండి' అని ఫోనొచ్చింది. ఆన్‌లైన్‌లో వేస్తే కాగితం బాధ తప్పుతుందనుకుంటే పొరపాటే. బెంచికి సెట్లు, ఎదుటి పార్టీలకి చెరొకటి, నాకొకటి. జిరాక్స్ షాపులో పేజీలు లెక్కపెడుతుంటే ఆ అబ్బాయి 'ఎన్ని లక్షల కేసండీ?' అని అడిగాడు. చెప్పలేదు.

ఫిబ్రవరిలో సి.సి. (కన్స్యూమర్ కంప్లైంట్) నంబరు పడింది. 19న అడ్మిషన్‌కి పిలిచారు. నేను సినిమాల్లో చూసిన కోర్టు ఊహించుకుని వెళ్లాను. ఒక మామూలు హాలు, ఎత్తయిన బల్ల వెనక ముగ్గురు, ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలు. పొద్దున కాల్ వర్క్‌లో పేర్లు చకచకా పిలుస్తారు, పేరు పిలిచినప్పుడు లేచి 'పార్టీ ఇన్ పర్సన్' (నా కేసు నేనే వాదించుకుంటున్నాను) అని చెప్పాలి. నా గొంతు నాకే వినపడలేదు. ప్రెసిడెంట్ గారు కళ్లజోడు పైనుంచి చూసి, 'లాయరు లేరా అమ్మా? పర్లేదు, తెలుగులోనే చెప్పండి' అన్నారు. రెండు నిమిషాల్లో అయిపోయింది. కేసు తీసుకున్నారు, నోటీసులకి ఆర్డరిచ్చారు. బయటికొచ్చాక బెంచి క్లర్క్ గారు వాయిదా తేదీ రాసుకోమన్నారు. ఆయన రాయమన్నప్పుడల్లా రాసుకోండి, కేలండరంతా ఆయన దగ్గరే ఉంటుంది.

మార్చి 6న బ్యాంకుకి నోటీసు అందింది. అందిన రోజు నుంచి ముప్ఫై రోజుల్లో వాళ్లు జవాబు వేయాలి. అడిగితే ఇంకో పదిహేను రోజులు ఇవ్వవచ్చు, అంతకు మించి ఇవ్వడానికి లేదు. 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ నలభై అయిదు రోజుల గడువు కచ్చితమని తేల్చింది. అందుకే ట్రాకింగ్ ప్రింటు తీసి పెట్టుకున్నాను. గడువు ఏప్రిల్ 20తో అయిపోతుంది. రోజులు దగ్గరపడే కొద్దీ 'వేయకపోతే బాగుణ్ణు' అని ఆశపడ్డాను. వాళ్ల లాయరు 18న తెచ్చి వేశాడు.

ఆ జవాబులోనే అసలు విషయం ఉంది. నోటీసులు పంపిన మెయిల్ ఐడీ నా పాత కంపెనీది! ఉద్యోగం మానేసిన రోజే కంపెనీ మూసేసిన ఐడీ అది. శాలరీ ఖాతా కంపెనీ ద్వారా తెరిచారు కాబట్టి వాళ్ల రికార్డులో అదే ఉండిపోయింది. చదివినప్పుడు నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎవరూ లేని ఇంటి తలుపు కొట్టి, చెప్పి వచ్చాం అన్నట్టుంది.

తర్వాతి వాయిదాకి వెళ్తే వరండాలో వాళ్ల లాయరు పలకరించాడు. నా వయసువాడే, చేతిలో పది ఫైళ్లు. 'మేడమ్, మొత్తం 7,670 ఇప్పిస్తాను, విత్‌డ్రా మెమో వేసేయండి' అన్నాడు. అంటే కేసు వెనక్కి తీసుకుంటున్నానని రాసివ్వడం. నిజం చెప్తున్నాను, మనసు ఊగింది. అప్పటికే ఎండలు, బస్సు ప్రయాణాలు, రోజు పని పోవడం, 'ఇంకా ఆ కేసేనా' అని చుట్టాల వెక్కిరింపులు. నాన్నకి ఫోన్ చేస్తే 'డబ్బొచ్చాక మెమో వెయ్యి, లేదా ఇద్దరి సంతకాలతో జాయింట్ మెమో వెయ్యమను' అన్నారు. అదే చెప్పాను. హెడ్డాఫీసు అప్రూవల్ కావాలన్నాడు. రెండు వాయిదాలు దాటినా ఆ అప్రూవల్ రాలేదు. ముందే విత్‌డ్రా చేసుకుని ఉంటే నా చేతిలో ఏమీ ఉండేది కాదు. మీకూ ఇలాంటి బేరం వస్తుంది, వరండాలో ఒప్పుకోకండి.

చట్టంలో మూడు నెలల్లో తేల్చాలని ఉంది. మా కేసులో మే నెల ఎన్నికల్లోను, సెలవుల్లోను పోయింది. జులైలో నా ఎవిడెన్స్ అఫిడవిట్, కాగితాలకి ఎ1 నుంచి ఎ9 దాకా నంబర్లు. ఆగస్టులో బ్యాంకు వాళ్లది. తర్వాత ఒక మెంబరు గారు సెలవు, కోరం లేదని వాయిదా. దసరా వాయిదా. కొన్నిసార్లు అంత దూరం వెళ్తే తేదీ మార్చి పంపించేశారు. కోర్టుకెళ్లడమంటే వాదించడం అనుకుంటాం కానీ ఎక్కువ భాగం కూర్చోవడమే. నేను లాప్‌టాప్ తీసుకెళ్లి వరండాలో ఎడిటింగ్ చేసుకునేదాన్ని. పొద్దున్నే క్లర్క్ గారికి ఫోన్ చేసి బెంచి ఉందో లేదో కనుక్కుని బయల్దేరడం చివరికి అలవాటైంది.

నవంబరు 14న వాదనలు. రాతపూర్వకంగా ముందే ఇచ్చాను, నోటితో చెప్పింది పది నిమిషాలు. బ్యాంకు లాయరు బాగానే వాదించాడు. జరిమానా స్లాబుల ప్రకారం వేయవచ్చని ఆ సర్క్యులరే అంటోందన్నాడు, అది నిజమే. ఖాతా సున్నా దగ్గరే ఆగింది, మైనస్‌లోకి పోలేదన్నాడు. అప్పుడు మహిళా మెంబరు గారు అడిగారు: 'ఓటీపీ ఏ నంబరుకి పంపుతున్నారు?' 'రిజిస్టర్డ్ మొబైల్‌కి మేడమ్.' 'మరి ఈ నోటీసు ఆ మొబైల్‌కి ఎందుకు పంపలేదు?' ఆయన ఫైలు తిరగేశాడు. 'జీతం ఆగిందని మీకే తెలిసి ఖాతా మార్చారు కదా, ఉద్యోగం లేని మనిషికి ఉద్యోగం మెయిల్‌కి పంపుతారా?' హాల్లో ఎవరో సన్నగా నవ్వారు. నేను పది పేజీల్లో రాసింది ఆవిడ రెండు ప్రశ్నల్లో తేల్చేశారు.

2025 జనవరి 9న, సరిగ్గా సంక్రాంతి హడావుడిలో ఆర్డరొచ్చింది. మినిమమ్ బ్యాలెన్స్ కోతలు 5,900 మొత్తం తిరిగివ్వాలి, సరైన నోటీసు లేదు కాబట్టి. లీన్ పెట్టి రీఫండ్ నుంచి లాక్కోవడం కూడా ఖాతాని మైనస్‌లోకి తోసినట్టేనన్నారు. మొదటి బౌన్స్ చార్జీ 590 ఇవ్వాలి, ఎందుకంటే ఆ కోతల వల్లే బౌన్స్ అయింది. మిగతా రెండు బౌన్స్ చార్జీలూ మాత్రం తిరిగివ్వక్కర్లేదన్నారు. ఆ కోతలు లేకపోయినా జనవరిలో నా ఖాతాలో 870 మాత్రమే ఉండేవి, సిప్ ఎలాగూ వెళ్లేది కాదని లెక్క వేసి మరీ రాశారు. మొదట కాస్త చివుక్కుమంది కానీ లెక్క లెక్కే. 6,490కి ఫిర్యాదు తేదీ నుంచి 9 శాతం వడ్డీ, పరిహారం 5,000, ఖర్చులు 2,000, నలభై అయిదు రోజుల గడువు. ఆర్డర్ కాపీ ఉచితంగానే ఇస్తారు.

గడువు ఫిబ్రవరితో అయిపోయింది, డబ్బు రాలేదు. అప్పీలు కూడా వేయలేదు. వేయాలంటే ఆర్డర్ మొత్తంలో సగం ముందు డిపాజిట్ చేయాలి. నేను మెయిల్ పెట్టాను, వినియోగదారుల చట్టం సెక్షన్ 72 కింద పిటిషన్ వేస్తున్నానని. ఆ సెక్షన్ కింద ఆర్డర్ పాటించని వాళ్లకి నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా కనీసం పాతిక వేల జరిమానా పడవచ్చు. ఏడాదిన్నరగా ఫోనెత్తని వాళ్లు మర్నాడే ఫోన్ చేశారు! మార్చి రెండో వారంలో డబ్బు పడింది. ఎక్కడనుకున్నారు? అదే ఖాతాలో. పడిన నిమిషంలోనే వేరే బ్యాంకుకి పంపేసి, క్లోజర్ ఫారం నింపాను.

వచ్చింది వడ్డీతో కలిపి 14 వేల పైచిలుకు. జిరాక్సులు, నోటరీ, పోస్టు, బస్సులు అన్నీ కలిపితే మూడు వేల దాకా అయి ఉంటుంది, పోయిన పనిరోజులు లెక్కలో లేవు. లాయరు గారికి స్వీటు బాక్సు ఇస్తే, వాళ్ల అన్నయ్యకి కూడా ఇలాగే ఏదో బ్యాంకు పన్నెండు వేలు కోసిందని ఆర్డర్ కాపీ, నా ఫిర్యాదు నమూనా అడిగి తీసుకున్నారు. బ్యాంకుని ముందుగా అడగమని నేను చెప్పింది ఒక్కటే: నోటీసు ఏ తేదీన, ఏ నంబరుకి, ఏ మెయిల్‌కి పంపారు?